మత్తు దిగని వేళ్ళు

క్లినిక్,
ఏప్రిల్ 6

ఒరే బామ్మర్దీ,

ఉత్తరాలు ఇంటికి రాయకు, క్లినిక్ అడ్రసుకే రాయి. ఫోను అసలు చెయ్యకు. మీ అక్క పక్కగదిలో ఉన్నా సరే, నా గొంతును బట్టి అది కారు కబురో కాదో కనిపెట్టేస్తుంది. జాకీ అనే మాట ఎంత మెల్లగా అన్నా వినిపిస్తుంది ఆవిడకు.

పెద్దావిడ మా ఇంటికి వచ్చి వారమైంది. పాత సామాన్ల యార్డులో పక్కపక్కనే పడి ఉన్న ఆ రెండు కార్లనీ, ఒకే మోడలు, ఒకే ఏడాది తయారీ, చెరొకటీ కొంటుంటే యార్డువాడు మనకేసి జాలిగా చూసిన చూపు నాకింకా గుర్తుంది. నా కారు పెద్దావిడ, నీ కారు చిన్నావిడ అని మనం పేర్లు పెట్టుకున్న సంగతి మీ అక్కకు తెలిసిపోయింది. "అయితే ఈ ఇంట్లో నేనెవర్నండీ?" అని అడిగింది. నేను షెడ్డులోకి పోయాను.

ఒప్పందం మళ్ళీ రాస్తున్నాను, రేపు నువ్వు మాట మార్చకుండా. అక్టోబరు ఒకటిన నీ ఊరికీ మా ఊరికీ నడిమధ్య ఉన్న రిజర్వాయరు గట్టు మీద కలుస్తాం. ఎవరి కారు వాళ్ళు నడుపుకుంటూ రావాలి. అప్పటిదాకా ఏ మెకానిక్ చెయ్యీ దానిమీద పడకూడదు. టైరులో గాలి కూడా మనమే కొట్టాలి.

ఇక గాయాలు. ఎడమచేతి కణుపులు రెండు చెక్కుకుపోయాయి. బానెట్ నెత్తిన పడింది. రేడియేటర్ మూత తొందరపడి తీసి మోచెయ్యి కాల్చుకున్నాను. నొప్పి అంటావా, ఆ ధ్యాసలో ఉంటే కదా. నిన్న పన్ను పీకించుకోవడానికి వచ్చినాయన నా చేతులు చూసి, ఎవరైనా పేషెంటు కరిచాడా డాక్టరుగారూ అన్నాడు. అవునన్నాను. పాపం, ఆయన నోరు తెరవడానికి పది నిమిషాలు పట్టింది.

రక్తం కళ్ళజూడని పని పనే కాదురా. నీ లెక్క ఎంతో రాయి.

బావ


కాలేజీ లైబ్రరీ,
ఏప్రిల్ 25

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం బీరువా చాటున నిలబడి చదివాను. లైబ్రేరియన్ తనలో తాను నవ్వుకుంటే పిల్లలు కంగారుపడతారు.

మీకొక శుభవార్త. మన కారు రిపేరు పుస్తకం అట్టలూడిపోయి పాత స్టాకులో దొరికింది. గేర్ బాక్సు, క్లచ్ అధ్యాయం మొత్తం చేత్తో రాసి, బొమ్మలు కూడా గీసి పంపుతున్నాను, నలభై ఒక్క పేజీలు. ప్రతి పేజీ అడుగునా "ఈ పని శిక్షణ పొందినవారిచేతనే చేయించవలెను" అని అచ్చువేశారు. ఆ వాక్యం మాత్రం రాయలేదు. మీకు అనవసరం.

నా గాయాలు వినండి. కుడి బొటనవేలి గోరు నల్లబడి ఊడటానికి సిద్ధంగా ఉంది. సైలెన్సరు విప్పుతుంటే తుప్పు కంట్లో పడి రెండు రోజులు ఒంటికన్నుతో పుస్తకాలిచ్చాను. పిడికిలి మీద చర్మం లేదు. తీసిపోతానని అనుకున్నారేమో.

అక్కతో అనకండి. నాకు చిన్నప్పుడు సైకిలు చెయిన్‌లో వేలు పడితే ఆ చెయిన్‌నే తీసి బావిలో పారేసిన మనిషి ఆవిడ.

మీ బావమరిది


క్లినిక్,
జూన్ 9

బామ్మర్దీ,

ఈసారి నువ్వు చిత్తుగా ఓడావు. అసలు సిసలు గాయం తగిలింది.

ఆదివారం గేర్ బాక్సు దించుతున్నాను. నీ ఇరవై మూడో పేజీ ప్రకారం పై బోల్టు ఆఖర్న విప్పాలి. అది బిగుసుకుపోయింది. పానాకు ఇనప గొట్టం తొడిగి ఉన్న బలమంతా పెట్టాను. పానా జారింది. కుడిచెయ్యి వెళ్ళి పక్కనున్న రేకు అంచుకు కొట్టుకుంది. మణికట్టు లోపలివైపు రెండంగుళాల గీత. రక్తం బాగానే వచ్చింది. అదృష్టంకొద్దీ మీ అక్క ఇంట్లో లేదు.

చేతికి గుడ్డ చుట్టుకుని క్లినిక్‌కు వచ్చి, పేషెంట్ల కుర్చీలో నేనే కూర్చున్నాను. చిగుళ్ళకిచ్చే మత్తు ఇంజెక్షనే ఇచ్చుకుని, చిగుళ్ళకు వేసే దారంతోనే ఎడమచేత్తో ఐదు కుట్లు వేసుకున్నాను. నాలుగో కుట్టు వంకరపోయింది కానీ ఎడమచేతి పనికి అదే గొప్ప. ఇంత మంచి పేషెంటు నా జన్మలో దొరకలేదు, నోరెత్తలేదు. ఇంటికెళ్ళి పేషెంటు కరిచాడని చెప్పాను. "మణికట్టు దాకానా?" అంది మీ అక్క. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను.

ఒక చిన్న విషయం. ఆ మత్తు ఇంకా దిగలేదు. నాలుగు రోజులైంది. బొటనవేలి కొసా చూపుడువేలి కొసా నావి కానట్టున్నాయి. మందు కాస్త ఎక్కువ పడిందేమో. నీకెప్పుడైనా ఇలా అయిందా? ఊరికే అడుగుతున్నాను.

క్లచ్ ప్లేటు రేపు చూస్తాను.

బావ


కాలేజీ లైబ్రరీ,
జూన్ 20

బావగారికి,

మీ ఐదు కుట్ల ముందు నావన్నీ దిగదుడుపే. అయినా ఓటమి ఒప్పుకోను, ఎందుకంటే అచ్చం ఇలాంటిదే నాకూ అయింది. మీరు కంగారుపడతారని రాయలేదు. మే నెలలో స్టార్టర్ మోటారు విప్పుతుంటే సరిగ్గా మీరు చెప్పిన చోటే తెగింది. బొటనవేలు మూడు వారాలు మొద్దుబారిపోయింది. పేజీ తిప్పానో లేదో కళ్ళతో చూసుకుంటే గాని తెలిసేది కాదు. తర్వాత దానంతటదే సర్దుకుంది. రోజూ పొద్దున గోరువెచ్చని నీళ్ళలో ముంచేవాణ్ణి, అంతే.

డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళకండి. మీ డాక్టర్ల సంగతి మీకు తెలియనిదా? ముందు కారు మానెయ్యమంటాడు, ఆ తర్వాతే చెయ్యి చూస్తాడు. అక్టోబరు ఎంతో దూరంలో లేదు. చిన్నావిడ ఇంజను నిన్న మొదటిసారి దగ్గింది, నా ఒళ్ళు పులకరించింది.

మీ బావమరిది


క్లినిక్,
జూలై 14

బామ్మర్దీ,

నీ మూడు వారాలు అయిపోయాయి. నాకు ఐదు దాటాయి. గోరువెచ్చని నీళ్ళు, చల్లని నీళ్ళు, అన్నీ అయ్యాయి.

ఎక్కడా నిలవలేకపోతున్నాను. షెడ్డులోకి వెళ్తాను, నట్టు పట్టుకుంటాను, అది జారి కింద పడుతుంది, వెతుకుతాను. మళ్ళీ పట్టుకుంటాను. మొన్న ఇంజను నడుస్తుండగా ఏదో కాలిన వాసన వచ్చింది. వైరింగేమోనని బానెట్ కింద అంతా చూశాను. తీరా చూస్తే నా చూపుడువేలు సైలెన్సర్ గొట్టానికి ఆని ఉంది. బొబ్బ లేచింది. నాకు తెలియనే లేదురా.

క్లినిక్‌లో చూపుతో నెట్టుకొస్తున్నాను. నా పని సగం కనబడని పని. పంటి వెనక, దవడ లోపల, వేలికొసతో తడిమి తెలుసుకోవలసింది. వేలు అబద్ధం చెప్పదని ముప్పై ఏళ్ళుగా నా దగ్గర నేర్చుకునే కుర్రాళ్ళకు చెబుతూ వచ్చాను. ఇప్పుడది ఏమీ చెప్పడం లేదు.

సరిగ్గా రాయి. నీకు ఎన్ని రోజులు పట్టింది? ముందు ఏ వేలికి స్పర్శ వచ్చింది? వచ్చేటప్పుడు జిల్లుమందా, మంటపుట్టిందా? కొస నుంచి మొదలైందా, మణికట్టు నుంచి కిందికి దిగిందా? గుర్తులేదని రాయకు. అలాంటిది ఎవడూ మరిచిపోడు.

బావ


కాలేజీ లైబ్రరీ,
జూలై 24

బావగారికి,

పరీక్షల పనితో ఊపిరాడటం లేదు. బొటనవేలే ముందనుకుంటాను. అంత గమనించలేదు. ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కో తీరు కదా. ఎందుకైనా మంచిది, ఒకసారి ఎవరికైనా చూపిస్తే పోలా? పోయినసారి వద్దన్నాననుకోండి, అది ఏదో మాటవరసకు అన్నది.

చిన్నావిడ గురించి తర్వాత రాస్తాను.

మీ బావమరిది


ఇల్లు,
ఆగస్టు 8

బావగారికి,

ఫోనులో చెప్పే ధైర్యం లేదు. ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించాను. ఐదోది చించకముందే డబ్బాలో వేస్తాను.

నాకు ఎప్పుడూ మణికట్టు తెగలేదు. బొటనవేలు మొద్దుబారలేదు. గోరు ఊడలేదు, కంట్లో తుప్పు పడలేదు. అవన్నీ నేను కూర్చుని రాసినవి.

కారు కొన్న మొదటివారమే జాకీ పెట్టి కిందికి దూరాను. పడుకుని పైకి చూస్తున్నాను. జాకీ కింద ఉన్న మట్టి కుంగి, కారు ఒక అంగుళం దిగింది. అంగుళమే. ఛాతీకి తగల్లేదు కూడా. కానీ నాకు చెయ్యీ కాలూ ఆడలేదు. ఎంతసేపు అలా పడున్నానో తెలియదు. బయటికి వచ్చాక మళ్ళీ కిందికి దూరలేదు. మూడో రోజున వీధి చివర మెకానిక్‌ను పిలిచాను. మే నెలాఖరుకల్లా చిన్నావిడ తయారైపోయింది. రోజూ కాలేజీకి అందులోనే వెళ్తున్నాను.

మీకు చెప్పడానికి సిగ్గేసింది. ఉత్తరాల్లో మీరు నన్ను మీతో సమానంగా చూశారు. ఈ జన్మలో మరెవరూ నన్ను అలా చూడలేదు. పుస్తకాల మధ్య తిరిగేవాణ్ణి, మీ చేతులంత చేతులు నాకూ ఉన్నాయని మీరు నమ్మారు. ఆ నమ్మకం పోగొట్టుకోవడం ఇష్టంలేక ఉత్తరానికో గాయం పుట్టించాను. మీరు అడిగారు కదా అని తిమ్మిరి కూడా పుట్టించాను. మూడు వారాలు అన్న మాట నా నోటికి వచ్చిన అంకె, బావా. దానికి ఏ ఆధారమూ లేదు.

వెంటనే చెయ్యి చూపించండి. ఈ ఉత్తరం చదవడం పూర్తి కాకముందే లేవండి.

నన్ను తిట్టే తిట్లు తర్వాత రాద్దురుగాని.

మీ బావమరిది


ఇల్లు,
ఆగస్టు 17

తమ్ముడూ,

క్లినిక్ మూసి ఉండటంతో నీ ఉత్తరం పోస్ట్‌మాన్ ఇంటికి తెచ్చి ఇచ్చాడు. నేనే విప్పాను. తర్వాత ఆయన క్లినిక్ నుంచి తెచ్చి టేబులు సొరుగులో దాచిన నీ ఉత్తరాలన్నీ తీసి, వరసపెట్టి చదివాను. ఆయన అడ్డుచెప్పలేదు.

క్లినిక్ ఎందుకు మూసి ఉందో నీకు తెలియదు. జూలై ఆఖర్లో రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఒకావిడ పన్ను అరగదీయించుకోవడానికి వచ్చింది. ఆవిడ పెదవి ఈయన మొద్దుబారిన వేలికీ అరగదీసే మిషను పిడికీ మధ్య ఇరుక్కుంది. ఈయనకు తెలియలేదు. మిషను పెదవికి తగిలింది. నోటినిండా దూదీ, మూతికి చెయ్యీ అడ్డం, ఆవిడ చెప్పబోతే మాట రాలేదు. రక్తం చూసి గాని ఈయనకు అర్థం కాలేదు. నాలుగు కుట్లు పడ్డాయి, అవి జూనియర్ డాక్టరు వేశాడు. మర్నాడు తలుపుకు సెలవు బోర్డు పెట్టి ఇంటికి వచ్చి షెడ్డులో కూర్చున్నారు. నాతో ఒక్క ముక్క చెప్పలేదు. పేషెంట్ల వల్ల తెలిసింది నాకు.

నీ ఉత్తరం చదివిన గంటలో పెద్దాస్పత్రికి లాక్కుపోయాను. మణికట్టులో నరం తెగి ఉంది. మొదటి రెండు మూడు వారాల్లో వచ్చి ఉంటే రెండు కొసలూ కలిపి కుట్టేవాళ్ళట. ఇప్పుడు కొసలు వెనక్కి ముడుచుకుపోయాయి. కాలిలో నుంచి చిన్న నరం ముక్క తీసి మధ్యలో అతకాలి. అతికినా స్పర్శ వస్తుందో రాదో డాక్టరు మాట ఇవ్వనన్నాడు. రాకపోతే పళ్ళ పనికి ఆ చెయ్యి పనికిరాదు, తేల్చి చెప్పేశాడు.

కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఇన్నాళ్ళూ మీ ఇద్దరి మధ్యకీ రాలేదు. కారంటే నాకు కోపమని మీ ఇద్దరూ అనుకున్నారు. నాకు కోపం కారు మీద కాదు. దెబ్బ తగిలినప్పుడల్లా ఆయన నవ్వుతూ ఇంట్లోకి వచ్చేవారు చూడు, ఆ నవ్వు మీద.

వీధిలో మెకానిక్‌ను పిలిపించి, బాగుచెయ్యమని కారు ఇచ్చేశాను. రెండు రోజుల్లో చేసి తెచ్చాడు. ఆస్పత్రికి నేనే నడుపుకుంటూ తీసుకెళ్తాను. నీ అబద్ధం గురించి ఇప్పుడు ఏమీ రాయను. రాస్తే ఆగలేను.

అక్క


పెద్దాస్పత్రి, మూడో అంతస్తు,
సెప్టెంబరు 2

బామ్మర్దీ,

మీ అక్క చేత రాయిస్తున్నాను. నేను చెప్పింది చెప్పినట్టు రాస్తానని మాట ఇచ్చింది. (ఇచ్చాను. కానీ నా మాటలు నేను బ్రాకెట్లలో రాస్తాను.)

ఆపరేషను అయింది. చేతికి కట్టు, కాలికి కట్టు. నరం రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందట. మణికట్టు నుంచి చూపుడువేలి కొసకు స్కేలు పెట్టి కొలిచాను, పద్దెనిమిది సెంటీమీటర్లు. నువ్వే లెక్క వేసుకో. కూర్చోలేను, పడుకోలేను. కిటికీలోంచి పార్కింగులో వచ్చే పోయే కార్ల శబ్దం వింటూ దేనికి ఏ జబ్బో చెబుతుంటే పక్క మంచమాయన మంచం మార్పించుకున్నాడు. (నిజమే.)

నీ ఉత్తరం గురించి. చాలా కోపంగా ఉంది. రాత్రింబగళ్ళు నిన్ను తిట్టాను. (తిట్టారు. కొన్ని కొత్తవి కూడా ఉన్నాయి.) ఆ తర్వాత ఒక మాట నాకు నేనే చెప్పుకోవలసి వచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఆ మత్తు మందు వాడుతున్నాను. అది మూడు గంటలకు మించి ఎవరి చిగుళ్ళలోనూ నిలవదు. నాలుగో రోజున నీకు ఉత్తరం రాసేటప్పటికే నాకు తెలుసు. డాక్టరుగా తెలుసు. తెలియనట్టు నీతో చెప్పించుకోవాలనిపించింది. నువ్వు కాకపోతే మరొకణ్ణి అడిగేవాణ్ణి, ఎవడో ఒకడు పర్వాలేదనేదాకా. (ఈ మాట నాకు కూడా ఇప్పుడే చెబుతున్నారు. రాయడం ఆపి లేచి వెళ్ళాను. అరగంట తర్వాత వచ్చి మళ్ళీ రాస్తున్నాను.)

తిలాపాపం తలా పిడికెడు అంటారు. కానీ ఒరే, ఈ మాట చెప్పి నీ బరువు దించాలని నాకు లేదు. నీ పిడికెడు నీ దగ్గరే ఉండనీ కొన్నాళ్ళు. అక్టోబరు ఒకటిన రాకు. ఎప్పుడు రావాలో నేనే రాస్తాను, నా చేత్తో రాయగలిగినప్పుడు.

బావ (అక్క చేతిరాత)


ఇల్లు,
డిసెంబరు 3

బావగారికి,

ఇది నాలుగో ఉత్తరం. జవాబు కోసం కాదు, వేళ్ళు ఎలా ఉన్నాయో ఒక్క ముక్క కోసం. అక్క కూడా రాయడం లేదు. ఫోను మోగి ఆగిపోతోంది. పొద్దున కాలేజీకి పోతాను, మధ్యాహ్నానికి పోస్టు వచ్చిందేమోనని ఇంటికి వస్తాను, మళ్ళీ పోతాను. లైబ్రరీలో పిల్లలు అడిగిన పుస్తకానికి బదులు వేరేది తీసి ఇస్తున్నాను.

చిన్నావిడ బ్రేకులు మొన్న నేనే విప్పాను. ఎవరికీ చెప్పుకోవడానికి కాదు. ఆ మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, తప్పు చేసినప్పుడల్లా చెప్పమన్నాను. తొమ్మిదిసార్లు చెప్పాడు. దెబ్బ ఒక్కటీ తగల్లేదు.

మీ బావమరిది


ఇల్లు, వెనక వరండా,
మార్చి 5

బామ్మర్దీ,

ఈ కోడిగీతలు నా ఎడమచేతివి. మీ అక్క రాసిపెడతానంది, వద్దన్నాను.

ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కోపం ఒక్కటే కారణం కాదు. రాయడానికి ఏమీ లేదు. క్లినిక్ జూనియర్ నడుపుతున్నాడు. నేను వారానికి రెండుసార్లు వెళ్ళి పక్కన నిలబడి, చెప్పవలసింది చెప్పి వస్తాను. హెడ్‌మిస్ట్రెస్‌గారు మొన్న వచ్చి ఆ కుర్చీలోనే కూర్చుని, మీరెప్పుడు చేస్తే అప్పుడే చేయించుకుంటానన్నారు. ఆ పెదవి మీద గీత చూసి తల ఎత్తలేకపోయాను.

రోజూ పొద్దున మీ అక్క నన్ను ఇక్కడ కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమంటుంది. కుట్టుసూదితో వేళ్ళమీద అక్కడా ఇక్కడా గుచ్చుతుంది. ఎక్కడో నేను చెప్పాలి. డాక్టరు పెట్టిన పరీక్ష ఇది. అక్టోబరులో తెలియదు, నవంబరులో తెలియదు. డిసెంబరులో తెలుస్తోందని చెప్పడం మొదలుపెట్టాను. చూపుడువేలు అన్నాను, బొటనవేలు అన్నాను. సగంసార్లు కుదిరేది. ఒకరోజు అలాగే చెప్పి కళ్ళు తెరిచాను. మీ అక్క చేతిలో సూదే లేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని నాకేసి చూస్తోంది. అప్పటిదాకా కోపంతో రాయలేదు, అప్పటినుంచి సిగ్గుతో రాయలేదు. నీ అబద్ధం గురించి నేనేం రాయగలను?

ఆ తర్వాత రెండు నెలలు ఒక్కటే మాట చెబుతూ వచ్చాను. తెలియదు, తెలియదు, తెలియదు. ఆ మాట రోజూ చెప్పడం కుట్లు వేసుకున్నంత సులువు కాదురా.

నిన్న పొద్దున చూపుడువేలి మొదట్లో చిన్నగా ఏదో అయింది. నేను ఏమీ అనలేదు. మళ్ళీ నాకు నేనే చెప్పుకుంటున్నానేమోనని భయం. "ఇంకోసారి" అన్నాను. గుచ్చింది. "మరికాస్త గట్టిగా" అన్నాను. గుచ్చింది. నా చెయ్యి దానంతటదే వెనక్కి లాక్కుంది.

"ఎక్కడ?" అంది.

"చూపుడువేలు. మొదటి కణుపు, బొటనవేలి వైపు."

నేను కళ్ళు తెరిచేసరికి ఆ వేలి మీద చిన్న రక్తపు చుక్క ఉంది, సరిగ్గా నేను చెప్పిన చోటే. మీ అక్క ఆ వేలిని గుప్పిట్లో పట్టుకుని కూర్చుండిపోయింది. నేను ఏడ్చాను. దాచలేదు.

కొస దాకా రావడానికి ఇంకా నెలలు పడుతుందట, రాకపోనూవచ్చు. వచ్చేవారం బయల్దేరి రా. బస్సులో వస్తావో కారులో వస్తావో నీ ఇష్టం.

నొప్పి పుడుతోందిరా.

బావ